కడపటి రోమక కంచునాణెములు — వాని సంగ్రహము, మార్పిడి

పాణిని మహర్షి రూపశబ్దమునుండి రూప్యశబ్దమును సాధించుచు దానికి రెండర్థములు విధించెను. అందు మొదటిది ఆహతము, రెండవది ప్రశస్తము. ఆహతార్థమునకు కాశికావృత్తియం దీయబడిన యుదాహరణములలో దీనారము మొదటిది. కేదార కార్షాపణములు తరువాతివి. సుత్తి మొదలగు వానితో కొట్టుటచే దీనారాదులయం దేర్పడు రూపమే ఆహత మని యచ్చటి వివరణము. దీనారమన రోమకుల దెనారియు సను నాణెము పేరే యని విద్వాంసు లంగీకరించిరి. ఇట్లు పరదేశపు టంకశాల పనివాని సుత్తిదెబ్బ మన వ్యాకరణశాస్త్రమున నొక ప్రత్యయార్థమునకు సాక్షిగా నిలిచినది.

నాణెముల సంగ్రహించువాని పని యంతయు నీ యాహతరూపము చుట్టు తిరుగుచుండును. రూపము సుత్తిదెబ్బ పడిన క్షణమున నిండుగా నుండును. పిదప చేతులు మాఱి, సంచులలో నొఱసికొని, మంటిలో బడి చిలుము పట్టి దినదినము క్షీణించును. మిగిలిన దెంత, పోయిన దెంత యని విచారించి, తక్కువ మిగిలినదాని విడిచి యెక్కువ మిగిలినదాని గ్రహించుట సంగ్రాహకులలో నాచారమైనది. రోమక నాణెములలో నీ యాచార మెక్కువగా వర్తించునది కడపటి కాలపు కంచునాణెములయందు. ఏలయన నవి వేలకొలది దొరకును, వెల తక్కువ, అరుగుడు మిక్కిలి. ఒక్కొక్క రకమునకు నూఱు దొరకినచో తొంబది యస్పష్టములు. కావున నొకటి కొనినవాడు దానికంటె మేలైనదాని కొఱకు వెదకకుండ నుండలేడు.

ఇట్టి మార్పిడి యందు లాభమేమి, నష్టమేమి యను విషయము మార్కాపురము, గిద్దలూరు, కంభము, త్రిపురాంతకము మొదలగు తావులు గల నల్లమల తూర్పుపాదపు సీమకు ప్రత్యేకముగా నవసరమైనది. ఈ సీమ 1970వఱకు కర్నూలు మండలమునకు జేరియుండి, ఆ సంవత్సరమున నేర్పడిన యొంగోలు జిల్లాలో జేరినది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము పేరు వచ్చినది. నల్లమలలో బుట్టిన గుండ్లకమ్మ కంభము కడ చెఱువై నిలిచి, మార్కాపుర ప్రాంతమును దాటి, దొనకొండకు జేరువనున్న చందవరపు బౌద్ధస్తూపము ప్రక్కగా పాఱి సముద్రమును జేరుచున్నది. చందవరమున 1970వ దశకమున జరిగిన త్రవ్వకములు శాతవాహన కాలమున నీ యేటిలోయ యెంత జనసంచారము గలిగియుండెనో చాటినవి. ఉత్తరమున నాగార్జునకొండ, ఈశాన్యమున వినుకొండ, ఆగ్నేయమున నెల్లూరు. ఈ మూడు తావులందును రోమక సువర్ణము బయల్పడినది.

నెల్లూరి కథ ప్రసిద్ధము. 1786లో నొక కృషీవలుని నాగలి యిటుకకట్టడమునకు దగిలి నిలిచెను. త్రవ్వగా చిన్న దేవాలయపు శిథిలములును, వాని క్రింద రోమక సువర్ణనాణెములు గల చిన్నకుండయు బయల్పడెను. అతడు వానిని పాతబంగారముగా నమ్మివేసెను. కొన్ని కరగింపబడినవి, ముప్పదికి పైగా మిగిలి ప్రభువుల కంటబడినవి. ఆ వృత్తాంతము డేవిడ్సన్ అనునాతని లేఖగా ఏషియాటిక్ రిసెర్చెస్ రెండవ సంపుటమున నచ్చుపడుటచే నేడు మనకు దెలిసినది. వినుకొండలో 1889లో 15 సువర్ణనాణెములు దొరకినవి. నల్లగొండ మండలములోని అక్కనపల్లె నిక్షేపము వెండిది. అందు దెనారియుసులు 1,531. నాగార్జునకొండ శాసనములలో నొకదానియందు, ఉజ్జయినీ మహారాజ పుత్రిక యగు మహాదేవి రుద్రధరభట్టారిక మహాచైత్యమునకు 170 దీనారి మాషకముల నొసగినట్లు చెప్పబడినది. పరదేశపు నాణెము పేరు ఆంధ్రదేశమున రాణిగారి దానశాసనము నెక్కునంతగా పరిచితమై యుండెనని దీనివలన దెలియుచున్నది.

అయితే నివి యన్నియు బంగారము, వెండి. కడపటి కాలపు కంచుముక్కలకు నిలయము దక్షిణమునందలి తమిళదేశము, సింహళము. మధురయందు వైగై యిసుకలోను, కరూరియందు అమరావతీనది యిసుకలోను, తిరుక్కోయిలూరిలోను నవి మిక్కుటముగా దొరకినవి. సింహళమున సిగిరియ మొదలగు చోట్ల వేలకొలది బయల్పడినవి. టఫ్నెల్ అను సైనికాధికారి 1889లో దక్షిణహిందూదేశ నాణెముల సంగ్రాహకుల కుపయోగించునట్లు సూచనల పుస్తక మొకటి ప్రకటించెను. రాబర్టు స్యూయల్ 1904లో హిందూదేశమున దొరకిన రోమక నాణెముల నన్నిటిని జేర్చి వ్యాసము వ్రాసెను. చిన్నవెల గల కంచునాణెములను దూరదేశ వర్తకుడు సరకుకొఱకు మోసికొని రాడు గనుక మధురలో రోమక ప్రజలే కాపురముండి నిత్యవ్యయమునకు వాడుకొనిరని యాతడూహించెను. ఈ యూహ నేడందఱు నంగీకరించునది కాదు. సింహళ మార్గమున నవి చిల్లరగా వచ్చి స్వదేశీయుల చేతనే చెల్లుచుండెననుట యెక్కువ యుక్తియుక్తము. దినమలర్ పత్రికా సంపాదకుడును నాణెశాస్త్రవేత్తయునగు ఆర్. కృష్ణమూర్తి 1994లో కరూరు, మధుర, తిరుక్కోయిలూరులలో దొరకిన యీ నాణెములనే గుఱించి ప్రత్యేకగ్రంథమును ప్రకటించెను. ఆంధ్రమున రోమక నాణెములను గుఱించి పి. ఎల్. గుప్త 1965లో వ్రాసిన గ్రంథము ప్రమాణముగా నున్నది.

ఇక నీ నాణెముల స్వరూపము. క్రీ. శ. 294 ప్రాంతమున డయొక్లీషియను చక్రవర్తి టంకశాలలను సంస్కరించి, పైన వెండిపూత గల పెద్ద కంచునాణెమును బుట్టించెను. దాని తూకము సుమారు 10 గ్రాములు; అనగా మన తులమునకు గొంచెము తక్కువ. ఆ తూకము నిలువలేదు. పాతికయేండ్లలో నది 3 గ్రాములకు దిగెను. కాన్‌స్టంటైను కొడుకుల కాలమున గ్రామున్నరకు జేరెను. 348లో మఱల పెద్దనాణెము లచ్చువేసిరి గాని యవియు నట్లే తగ్గినవి. నాలుగవ శతాబ్ద్యంతమునకు మిగిలినది ఒక్క గ్రాము బిళ్ళ. ఇంచుమించు ఎనిమిది గురువింద గింజల యెత్తు. 498లో అనస్తాసియసు మఱల సంస్కరించి, నలువది చిన్ననాణెముల కీడైన పెద్దనాణెమును ప్రవేశపెట్టువఱకు నీ చిన్నబిళ్ళలే పేదల ధనముగా చెల్లినవి. ఈ రెండువందల యేండ్ల నాణెములనే సంగ్రాహకులు కడపటి రోమక కంచు అని వ్యవహరింతురు.

వీని బొమ్మవైపున చక్రవర్తి తల, చుట్టు నాతని పేరు. బొరుసువైపున నొక చిత్రము, దాని చుట్టు నొక వాక్యము, అడుగున గీతక్రింద టంకశాల గుఱుతు. 330 మొదలు గ్లోరియా ఎక్సెర్కిటుస్, అనగా సేనాకీర్తి, అను వాక్యముతో నిద్దఱు సైనికులు నిలిచిన బొరుసు ప్రచారమునకు వచ్చెను. వారి నడుమ రెండు ధ్వజము లున్నచో నాణెము 330–335 నడిమిది. ఒక్కటియే యున్నచో 335–341 నడిమిది. ధ్వజ మొకటియో రెండో తెలియనంతగా అరిగినచో కాలనిర్ణయమంతయు జెడును. అదే కాలమున రోముపట్టణపు పేర తోడేలు, దాని పాలు గుడుచు కవలపిల్లలు గల నాణెమును, కాన్‌స్టంటినోపిలు పేర ఓడముక్కుపై నిలిచిన జయదేవత గల నాణెమును వెలువడినవి. 348 తరువాతివానిలో ఫెల్ టెంప్ రెపరాతియో, అనగా శుభకాల పునరాగమనము, అను వాక్యముతో గుఱ్ఱమునుండి పడుచున్న శత్రువును సైనికుడు బల్లెమున బొడుచు చిత్రము ప్రసిద్ధము. 388 మొదలు సాలుస్ రెయిపుబ్లికే, రాజ్యక్షేమము, అను వాక్యముతో జయదేవత బందీని ఈడ్చుకొని పోవుచుండును. 406–408 నడుమ మువ్వురు చక్రవర్తులు వరుసగా నిలిచిన చిన్ననాణెము వచ్చెను. ఐదవ శతాబ్దమధ్యమున మార్సియను, లియో అను చక్రవర్తులు చోటు చాలక తమ పేళ్ళను ఒక్క సంయుక్తాక్షరముగా ముడివైచి బొరుసున నిలిపిరి. సంయుక్తాక్షరములు మనకు గ్రొత్త గావు. కాని పేరంతయు నొక్కముడిగా కట్టుట మన లేఖకులు కూడ చేయని సాహసము.

టంకశాల గుఱుతులు తెలియుట ముఖ్యము. ఏ-ఎల్-ఇ యన అలెగ్జాండ్రియా. ఏ-ఎన్-టి యన ఆంటియొకు. సి-ఒ-ఎన్-ఎస్ అన కాన్‌స్టంటినోపిలు. ఎస్-ఎమ్-కె యన సిజికసు. ఆ యక్షరముల వెనుక ఆల్ఫా, బీటా మొదలగు గ్రీకు వర్ణ మొక్కటి యున్నచో నది యా టంకశాలలోని పనిగది సంఖ్య. దక్షిణదేశమునను సింహళమునను దొరకువానిలో తూర్పు టంకశాలలవే హెచ్చు. ఎఱ్ఱసముద్ర మార్గమున వచ్చు సరకుతో నవి వచ్చినవనుటకు నీ యక్షరములే సాక్ష్యము.

కావున మేలైన నాణెమన నెట్టిది యను ప్రశ్నకు సమాధానము సులభము గాదు. సామాన్యముగా చూపరులు చక్రవర్తి ముఖమునే చూతురు. ముక్కు, కన్ను, తలకట్టు స్పష్టముగా నున్నచో నది మేలని యెంచి వెలపోయుదురు. ఈ చిన్ననాణెములలో నచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. పనివాడు తొందరలో బిళ్ళ నొకప్రక్కగా బెట్టి కొట్టగా, అచ్చులోని చిత్రములో నొకభాగమే బిళ్ళపై బడి, మిగిలినది గాలిలో బోవును. పోయినది తఱుచుగా అడుగునందలి టంకశాల గుఱుతే. అందుచే నద్దమువలె మెఱయుచు, అరుగుడు లేకయు, టంకశాల తెలియని నాణెములు పెక్కులు గలవు. ముఖము సగ మరిగినను అడుగు అక్షరములు చెక్కుచెదరని దొకటి దొరకినచో, చరిత్ర తెలియగోరువానికి నదియే మేలు. వెలకట్టు అంగడివాడు దీనికి మొదటిదానిలో సగము కూడ నీయడు. ఇది తెలిసిన సంగ్రాహకునికి లాభము. తెలియనివాడు మంచిదానినిచ్చి మెఱుగుదానిని తెచ్చుకొనును.

పరీక్షకుల గుఱించి మన పెద్దలు చెప్పిన దిచ్చట స్మరణీయము. బుద్ధఘోషాచార్యుడు విశుద్ధిమార్గమున నొక దృష్టాంతము చెప్పెను. నాణెముల రాశిని చూచి బాలుడు వాని రంగును, నలుచదరమో గుండ్రనో యను నాకారమును మాత్రమే యెఱుగును. పల్లెవాడు వానితోబాటు నివి భోగసాధనములని యెఱుగును. సరాపు మాత్రము మంచిది, కల్ల, సగము వెలది యని విడదీయుటయే గాక, చూచి, మ్రోగించి, వాసన చూచి, నాలుకకు దాకించి, చేత దూచి, యే యూర, యే నదీతీరమున, యే యాచార్యుడు చేసినదో చెప్పగలడు. ఆచార్యుడు ఐదవ శతాబ్దమున సింహళమునందలి అనురాధపురమున నీ గ్రంథమును రచించెను. ఆతడాంధ్రదేశీయుడని కొందఱు తలంతురు. ఆతని కన్నుల యెదుట సరాపు బల్లపై నున్న రాశిలో నీ రోమక కంచుబిళ్ళలు నుండియుండునని యూహించుట సాహసము గాదు. ఆ దీవిలో నవి చెల్లిన కాల మదియే. యాజ్ఞవల్క్యస్మృతి మంచినాణెమును కల్ల యనియు, కల్లదానిని మంచి యనియు పలుకు నాణకపరీక్షకునికి ఉత్తమసాహస దండము విధించినది. నాణకశబ్దమునుండియే మన నాణెము వచ్చినది.

మేలైనదానిని ఏఱుట పురాతనాచారమే యనుటకు కాస్మాసు వ్రాతయు సాక్ష్యము. ఆఱవ శతాబ్దమున నాతడు చెప్పిన కథలో సోపత్రుడను వర్తకుడును, పారశీక రాయబారియు సింహళరాజు నెదుట తమతమ ప్రభువులలో నెవ్వడు గొప్ప యని వాదించిరి. సోపత్రుడు ఇరువురి నాణెములను తెప్పించి చూడు మనెను. రోమక నాణెము బంగారము, సుడౌలు, పారశీకునిది వెండి. రాజు రోమకునికి జయమిచ్చెను. విదేశములకు బంపుటకు నాణెములను ఏఱి పంపుదురని కాస్మాసు చెప్పుట గమనింపదగినది.

ఇక మార్పిడి శాస్త్రము. ఒకరకపు నాణెమునకు పేటికలో నొక గడి గలదు. ఆ గడిలో నున్న అరిగినదానిని తీసి మేలైనదానిని పెట్టుదురు. వ్యాకరణమున నిట్టి కార్యమునకు ఆదేశమని పేరు. తొలగినది స్థాని, వచ్చినది ఆదేశము. ఆదేశము స్థానివలెనే వర్తించునని, అనగా స్థానికి గల ధర్మములు దానికిని సంక్రమించునని పాణిని విధించెను. కాని వెంటనే యొక నిషేధమును జెప్పెను: వర్ణము నాశ్రయించిన విధులలో నిది చెల్లదు. స్థాని శరీరమునందలి యక్షరమునుబట్టి జరుగు కార్యము స్థానితోనే పోవును, ఆదేశమునకు రాదు.

పేటికలోని నాణెములకు నీ న్యాయము యథాతథముగా వర్తించుచున్నది. కొత్తది వచ్చి, సేనాకీర్తి బొరుసు, ఆంటియొకు టంకశాల, 335–341 అను గడిలో గూర్చున్నది. రకము, కాలము, చక్రవర్తి యను ధర్మములు పాతదానికెట్లో దీనికి నట్లే. అంతవఱకు స్థానివద్భావము. కాని పాతనాణెము దొరకిన చోటు దాని శరీరము నాశ్రయించినది. అది కొత్తదానికి రాదు. పాతదాని తూకము, దాని యరుగుడు, మీది మన్ను, ఏ నాణెములతో గలిసి దొరకెనో యా సహవాసము, ఇవి యన్నియు స్థానితోనే తొలగిపోవును.

ఒక్క యుదాహరణము నూహింతము. గుండ్లకమ్మ యొడ్డున నొక చేనిలో వానలు వెలిసిన పిమ్మట చిన్న పచ్చని బిళ్ళ కనబడినది. చేనిదొర దానిని మార్కాపురపు సంగ్రాహకునికి చూపెను. బొమ్మ అరిగినది, బొరుసున నిలువుగీతలవలె నిద్దఱు మనుష్యులు, అక్షరము లొక్కటియు లేవు. సంగ్రాహకుడు దానిని పేటికలో బెట్టెను. కొన్నేండ్లకు డాన్యూబు నదీప్రాంతమున దొరకిన, నిగనిగలాడు నదేరకపు నాణె మొక్కటి యాతని చేతికి వచ్చినది. పాతదానిని నలుగురు పిల్లలకు చూపి, ఐదురూకలకు మఱియొకని కిచ్చివేసెను. పేటిక యందము పెరిగెను. కాని గుండ్లకమ్మ లోయకు నాలుగవ శతాబ్దమున రోమక చిల్లర వచ్చెననుటకు నిదర్శనముగా నిలువదగిన వస్తువు పేరులేని ముక్కయైనది. డాన్యూబు నాణెము వంటివి యూరోపులో లక్షలు గలవు. చేనిముక్కకు సమానము మఱియొకటి లేదు. ఆ కాలమున నీ సీమ కుత్తరమున ఇక్ష్వాకులు, ఒకవైపు ఏనుగును మఱొకవైపు ఉజ్జయినీ చిహ్నమును గల సీసపు నాణెముల నచ్చువేసి, కొలది కాలము క్రిందటనే యస్తమించిరి. వారి తరువాతి చీకటికాలమున నిచ్చట నే చిల్లర చెల్లెను, సముద్రతీరమునకును లోనాటికిని రాకపోక లెట్లుండెను అను ప్రశ్నలకు దొరకిన చోటు తెలిసిన నాణెములే యాధారము. రాయి మీద వ్రాసిన శాసనము అంగడికి సాక్ష్యము చెప్పదు.

అందుచే దొరకిన చోటు తెలిసిన నాణెమును మార్పిడికి లోబఱుపరాదు. వైయాకరణులు ఆదేశమును శత్రువుతోను, ఆగమమును మిత్రునితోను పోల్చుదురు. శత్రువు వచ్చి యున్నవానిని వెళ్ళగొట్టి వాని చోట గూర్చుండును. మిత్రుడు వచ్చి ప్రక్కన గూర్చుండును. చోటెఱిగిన అరిగినదాని ప్రక్కన మేలైనది ఆగమముగా జేరవలెను. అప్పుడు మేలైనది అరిగినదానికి వ్యాఖ్యానమగును. నిలువుగీతలు సైనికులని, నడుమనున్నది ధ్వజమని దానివలననే తెలియును. దొరకిన చోటు తెలియక, అంగడి బుట్టలోనుండి యేఱబడిన నాణెములయందు మాత్రము మార్పిడి నిరాటంకముగా జేయవచ్చును. అందు దోషము లేదు. పైగా సంగ్రాహకుని కన్ను పదునెక్కును. పది అరిగినవానిని చేత బట్టి చూచినవాడే పదునొకండవదానిలో మంచిని గుర్తింపగలడు.

మఱొక చిక్కు గలదు. దక్షిణదేశమునను సింహళమునను రోమక నాణెముల ననుసరించి స్వదేశపు పనివారు చేసిన ప్రతికృతు లనేకములు. వానిలో అక్షరములు అక్షరములు గావు, గీతలు, చుక్కలు. చక్రవర్తి ముఖము పిల్లలు పలకపై గీసిన బొమ్మవలె నుండును. మేలైనదానిని వెదకువాడు వీనిని చెడ్డ రోమక నాణెము లనుకొని మొట్టమొదట పాఱవేయును. పతంజలి గోశబ్దమునకు గావీ, గోణీ, గోతా, గోపోతలికా యను నపభ్రంశములను జూపి, ఒక్కొక్క శబ్దమునకు అపభ్రంశములు బహుళములని చెప్పెను. ఆ యపభ్రంశములు సాధువులు గావనుట శాస్త్రము. కాని జనుల నోట నేది పలుకబడెనో చెప్పునవి యవియే. ప్రతికృతులును నట్టివే. అవి పరదేశపు చిల్లర నిచ్చటి జనులు తమదిగా జేసికొని, చాలనప్పుడు తామే చేసికొనిరని తెలుపుచున్నవి. వానిని విడిగా నుంచి, విడిగా పేరిడి కాపాడవలెను. వీనికిని నేటి మోసగాండ్రు చేయు కల్లనాణెములకును భేద మెఱుగవలెను. నేటి కల్లలు తఱుచు పోతపోసినవి. వాని యంచున అతుకుగీత యుండును. పైతలమున సన్నని రంధ్రము లుండును. అక్షరముల యంచులు సబ్బుముక్కవలె మెత్తనై యుండును. అచ్చుకొట్టినదానిలో నక్షరపుటంచు నిట్టనిలువుగా లేచియుండును.

శుభ్రపఱచుటలో మన గృహములందలి యలవాటు ప్రమాదకరము. పండుగకు రాగిచెంబులను చింతపండుతో తోముట యెల్లర యెఱుక. నాణెము నట్లు తోమినచో చింతపులుసు పచ్చని పొరను తినివేసి, యెఱ్ఱని రాగిని బయటపెట్టును. ఆ పొర మాలిన్యము గాదు. పదునాఱువందల యేండ్లు మంటిలో నుండగా పైలోహము మార్పుచెంది గట్టిపడినది. అక్షరపు రూపము దానియందే నిలిచియున్నది. మార్కాపురపు పలకరాతిని పొరలుగా విడదీయు పనివా డెఱుగును, ఒక్క పొర లేచినచో మీది గీత లన్నియు దానితోనే లేచునని. నాణెము కథయు నంతే. కావున పరిశుద్ధజలమున కొన్నిదినము లుంచి, నీరు మార్చుచు, మెత్తబడిన మంటిని వెదురుపుల్లతో మెల్లగా దీయుటయే తగిన పద్ధతి. ఇనుపసూది మంచి చేతులకే తగినది. తొందరగలవాడు దానిని తాకరాదు.

తడిగాలి మఱొక శత్రువు. వానకాలమున కొన్ని నాణెములపై లేతపచ్చని పొడి యుబ్బును. ముట్టిన రాలును, తుడిచిన మఱల పుట్టును. మంటిలోని ఉప్పు లోహమునం జేరి, గాలిలోని తేమతో గలిసి లోలోపల దినివేయుటచే నిది కలుగును. దీనిని కంచువ్యాధి యందురు. అట్టిదానిని వెంటనే వేఱుచేసి, సోడియం సెస్క్వికార్బనేటు కలిపిన నీటిలో నుంచి, పలుమాఱులు నీరు మార్చి, పొడిగా నారబెట్టవలెను. నేడు వాడుకలోనున్న పి.వి.సి. సంచులలో నాణెముల నుంచరాదు. ఆ సంచులే కాలక్రమమున జిగట పట్టి నాణెమునకు హాని చేయును. కాగితపు పొట్లమో, పొడి చెక్కపేటికయో మేలు.

చట్టమును గూర్చియు గొంత చెప్పవలసియున్నది. 1878 నాటి నిక్షేపచట్టము ప్రకారము భూమిలో దాగియుండి దొరకిన వస్తువు విలువ పదిరూపాయలు దాటినచో, దొరకినవాడు కలెక్టరునకు తెలుపవలెను. ఒడంబడిక లేనిచోట, నిక్షేపము తిరిగి యీయబడినపుడు దొరకినవానికి ముప్పాతిక, భూస్వామికి పాతిక. 1972 నాటి పురావస్తు చట్టమున నూఱేండ్లు నిండిన నాణెము పురావస్తువులలో లెక్కింపబడినది. అట్టివానిని ప్రైవేటు వ్యక్తులు విదేశములకు బంపరాదు, అనుమతిపత్రము లేక వానితో వ్యాపారము చేయరాదు. ఇది తెలియక భయపడి పల్లెవారు దొరకినదానిని కంచరికొలిమికి బంపుచుండుటయు గలదు. కలెక్టరునకు తెలిపినచో పోవునది యేమియు లేదని, కంచరికొలిమిలో పడినచో మిగులున దేమియు లేదని వారికి తెలియజెప్పువారు లేకుండుటయే యిట్టి నష్టమునకు మూలము. నెల్లూరి కృషీవలుని కుండలోని సువర్ణములో గొంత కరిగిపోయిన కథయు నిట్టిదే.

పేటికలోని ప్రతి నాణెమునకు నొక చీటి యుండవలెను. దానిమీద గ్రామము పేరు, చేనిపేరు లేక వాగుపేరు, దొరకిన నెల, తూకము, అడ్డుకొలత, ఎవరి చేతినుండి వచ్చెను అను నంశములు సిరాతో వ్రాయవలెను. గ్రామము తెలియనిచో "అంగడి" యని స్పష్టముగా వ్రాయవలెనే గాని, ఊహించి యూరిపేరు వేయరాదు. కల్లచీటి కల్లనాణెముకంటె దుష్టమైనది. మార్పిడిలో నాణె మితరుని చేతికి పోయినపుడు చీటి దానివెంట పోవలెను, నకలు పాతపేటికలో నిలువవలెను. నకలుమీద నాణెమును తీసికొన్నవాని పేరును, తేదియు వ్రాసి, దాని యిరువైపుల ఛాయాపటములను అంటించినచో, గుండ్లకమ్మ యొడ్డున దొరకిన గీతలముక్క యే యూరి పేటికలో నున్నదో యెప్పుడైనను తెలిసికొనవచ్చును.